ముసోర్గ్‌స్కీ ‘పెళ్లి’ ఏ రికార్డింగ్ వినాలి: సగంలో ఆగిందా, ఇంకొకరు పూర్తి చేసిందా?

పంతొమ్మిదో శతాబ్దపు రష్యన్ కంపోజర్ ముసోర్గ్‌స్కీ ‘పెళ్లి’ ఒపెరా వినేముందు ఒక సంగతి తెలుసుకోవాలి, ఇందులో పెళ్లికూతురు రాదు. పెళ్లికొడుకు ఉన్నాడు, వాళ్ల నౌకరు ఉన్నాడు, పెళ్లిళ్లు కుదిర్చే ఆవిడ ఉంది, మధ్యలో దూరే స్నేహితుడు ఉన్నాడు, పెళ్లికూతురి గురించి బోలెడు మాటలు నడుస్తాయి కానీ ఆ పిల్ల ఇంటికి వెళ్లేలోపే ఒపెరా ఆగిపోతుంది, ఎందుకంటే ముసోర్గ్‌స్కీ అంతవరకే రాశాడు. రష్యన్‌లో పేరు ‘జెనీత్బా’, రష్యన్ రచయిత గోగోల్ 1842లో అచ్చు వేయించిన నాటకం అదే పేరుతో ఉంది, దాన్నే తీసుకుని 1868 జూన్, జులై నెలల్లో ఒక్క అంకం పియానోకి రాసి వదిలేశాడు. ఆ తర్వాత దాన్ని పూర్తి చేద్దామని చాలామంది పూనుకున్నారు, ఆర్కెస్ట్రా కట్టినవాళ్లు ఉన్నారు, మిగతా అంకాలు రాసినవాళ్లు ఉన్నారు, అందుకే ఇప్పుడు వెతికితే ఒకే పేరు మీద నాలుగైదు రకాలు దొరుకుతాయి, ఏది పెట్టుకోవాలో అర్థం కాక చాలామంది మొదటి ఐదు నిమిషాల్లోనే ఆపేస్తారు. నేను కూడా మొదటిసారి అలాగే ఆపేశాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు నా మాట చెప్పేస్తా, ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆగినా నష్టం లేదు. ఒక్కటే వినాలంటే కండక్టర్, అంటే ఆర్కెస్ట్రాని నడిపించేవాడు, గెన్నాదీ రోజ్‌దెస్త్‌వెన్‌స్కీ 1982లో సోవియట్ సాంస్కృతిక శాఖ సింఫనీ ఆర్కెస్ట్రాతో సోవియట్ రికార్డుల కంపెనీ మెలోదియాకి చేసిన రికార్డింగ్ వినండి. అందులో ముసోర్గ్‌స్కీ రాసిన ఒక్క అంకమే ఉంటుంది, ఆర్కెస్ట్రా కూర్పు రోజ్‌దెస్త్‌వెన్‌స్కీదే, దాదాపు 40 నిమిషాలు. పూర్తి చేసిన వెర్షన్లతో మాత్రం మొదలుపెట్టకండి. ఎందుకో చెప్పాలంటే ఇందులో అసలు ఏముందో కాస్త చెప్పాలి.

ఒపెరా అంటే మనకి తెలిసిందేంటి, పెద్ద పాట, గొంతు పైకెత్తి పాడటం, కోరస్, చివర్లో అందరూ కలిసి పాడటం. ఇందులో అవేమీ లేవు. ఒక్కరే నిలబడి పాడే ఆరియా ఒక్కటీ లేదు, కోరస్ లేదు, ఇద్దరు కలిసి పాడే డ్యూయెట్ కూడా లేదు. గోగోల్ రాసిన వచనాన్ని, పద్యం కాదు వచనాన్నే, అక్కడక్కడా కత్తిరించి దాదాపు ఉన్నదున్నట్టు పాడించాడు. మనిషి మామూలుగా మాట్లాడేటప్పుడు గొంతు ఎక్కడ లేస్తుంది, ఎక్కడ నీరసపడుతుంది, ఎక్కడ నసుగుతాడు, ఇవన్నీ స్వరాల్లో పెట్టాలని ఆయన పంతం. తనే దానికి ‘వచనంలో నాటక సంగీతం, ఒక ప్రయోగం’ అనే అర్థం వచ్చేలా పేరు తగిలించుకున్నాడు. మన పద్యనాటకం విన్న చెవికి ఇది సరిగ్గా తలకిందులుగా ఉంటుంది, అక్కడ పద్యం చివర రాగం తీసి తీసి వదులుతారు, వన్స్‌మోర్లు కూడా ఆ రాగానికే పడతాయి, ఇక్కడ రాగం తీయడానికి ఒక్క అక్షరం కూడా ఖాళీ దొరకదు. అందుకే పాట కోసం చూస్తూ కూర్చుంటే విసుగొస్తుంది, ఇద్దరు మాట్లాడుకుంటుంటే పక్క గదిలోంచి విన్నట్టు వింటే మాత్రం వదలబుద్ధి కాదు.

మొదటి సీను చెప్తా. పొద్కల్యోసిన్ అనే గవర్నమెంటు ఉద్యోగి, ఆ రోజుల్లో ర్యాంకుల్లో ఏడో తరగతి వాడు, సోఫాలో పడుకుని పైపు పీలుస్తూ ఒంటరిగా ఆలోచించుకుంటే పెళ్లి చేసుకోవాల్సిందే అనిపిస్తోంది అనుకుంటుంటాడు. నౌకరు స్తెపాన్‌ని పిలుస్తాడు. ముసలావిడ, అదే పెళ్లిళ్లు కుదిర్చే ఆవిడ, వచ్చిందా? రాలేదు. టైలర్ దగ్గరికి వెళ్లావా? వెళ్లాను. కోటు కుడుతున్నాడా? కుడుతున్నాడు. అసలు అడగాలనుకున్నది ఇదీ కాదు, అదీ కాదు. అయ్యగారికి ఇంత మంచి గుడ్డతో కోటు ఎందుకురా అని టైలర్ ఏమన్నా అడిగాడా? పెళ్లి గానీ చేసుకోబోతున్నారా అని అడిగాడా? అడగలేదండి. అక్కడితో వదలడు, బూట్ పాలిష్ కొన్న కొట్టువాడు ఏమన్నా అడిగాడా అని మళ్లీ మొదలు. ఊరంతా తన పెళ్లి గురించి మాట్లాడుకోవాలని ఒక పక్క ఆశ, తీరా ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో అని ఇంకో పక్క బెరుకు. ఈ మనిషి మనకి తెలీనివాడేం కాదు, ముప్పై అయిదు దాటి సంబంధాలు చూస్తూ ప్రతి సంబంధానికీ ఒక వంక పెట్టే అన్నయ్యలు మన ఇళ్లల్లోనూ ఉన్నారు.

ఇక్కడ స్తెపాన్‌ని గమనించండి. వాణ్ణి పిలుస్తాడు, పంపేస్తాడు, మళ్లీ పిలుస్తాడు, వాడికి లోపల మండుతుంటుంది కానీ నౌకరు కదా పైకి అనలేడు. ఆ మంటంతా ముసోర్గ్‌స్కీ సంగీతంలో దాచిపెట్టి సీను చివర్లో ఒక్కసారి వదిలాడు. పొద్కల్యోసిన్ ‘నిన్నొకటి అడుగుదామనుకున్నానురా’ అని మళ్లీ నెమ్మదిగా మొదలుపెట్టబోతాడు, స్తెపాన్ గొంతు చించుకుని ‘ముసలావిడ వచ్చింది!’ అని అరుస్తాడు. రెండంటే రెండు మాటలు రష్యన్‌లో. గోగోల్ నాటకంలో చదివితే అది మామూలు కబురు, పాటలో వింటే అంతసేపు పళ్లు బిగబట్టుకున్న మనిషి కనపడతాడు. ముసోర్గ్‌స్కీ ఈ చోటు గురించి స్నేహితుడు, తోటి కంపోజర్ కూయీకి ఉత్తరంలో రాసుకున్నాడు కూడా, అంత ఇష్టం ఆయనకి. నేను ఏ రికార్డింగ్ చేతికొచ్చినా ముందు ఈ చోటు చూస్తా, ఈ అరుపు సరిగ్గా పడకపోతే మిగతాది కూడా తేడాగానే ఉంటుంది.

తర్వాత ఫ్యోక్లా ఇవానొవ్నా వస్తుంది, మన పెళ్లిళ్ల పేరయ్య లాంటిదే, కాకపోతే ఆవిడ. కట్నం చదువుతుంది, మాస్కోవ్‌స్కయా పేటలో రాతి ఇల్లు, రెండంతస్తులు, దాని మీద వచ్చే అద్దెలు, ఆ పిల్ల పంచదార లాంటిది, తెలుపు, బుగ్గలు ఎరుపు, అని ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతుంది. ఇతను ఇంకా నసుగుతుంటే ‘తలలో తెల్ల వెంట్రుక తొంగిచూస్తోంది నాయనా, ఇంకెప్పుడు’ అని ఒక్క దెబ్బ వేస్తుంది. దాంతో ఆయనకి గాభరా, తెల్ల వెంట్రుకా, ఎక్కడ, ఎక్కడ అని. ఆ తర్వాత కొచ్కర్యోవ్ దిగుతాడు, తనకీ ఈవిడే పెళ్లి చేసింది, ఆ కడుపుమంటతో ముందు ఆవిడ మీద పడతాడు, తర్వాత ఆవిడ నోట్లోంచి పెళ్లికూతురి అడ్రసు లాగేసి ఆవిడని తప్పించి తనే పెళ్లి చేయిస్తానని కూర్చుంటాడు. అద్దం పగిలేది కూడా ఈ గోలలోనే. పొద్కల్యోసిన్ అద్దంలో చూసుకుంటుంటే కొచ్కర్యోవ్ వెనకనుంచి వచ్చి ఒక్క అదరగొట్టు అదరగొడతాడు, అద్దం కింద పడి ముక్కలు. ఇంకోటి కొనిస్తాలే అంటే, ఆ కొనిచ్చే అద్దాలు నాకు తెలుసులే, పదేళ్లు ముసలివాణ్ణి చేసి మూతి వంకరగా చూపిస్తాయి అంటాడు.

ఇంకొక చోటు ఉంది, అది రాకుండా ముందుకెళ్లలేను. పెళ్లంటే ఏమిటో ఆశపెట్టడానికి కొచ్కర్యోవ్ పిల్లల గురించి చెప్తాడు, చుట్టూ ఒకరు కాదు ఆరుగురు పిల్లలు తిరుగుతుంటారు, అందరూ నీ పోలికే, బుల్లి బుల్లి గుమస్తాలు అని. పొద్కల్యోసిన్ ఆఫీసులో చేసే ఉద్యోగం పేరునే చిన్నపిల్లలకి ముద్దుపేరు చేస్తాడు గోగోల్. దానికి ఈయన ఏమంటాడు, పిల్లలు అల్లరి చేస్తారు, కాయితాలన్నీ చిందరవందర చేస్తారు అంటాడు. 1868లో స్నేహితుల ఇళ్లల్లో దీన్ని పాడి చూసుకున్నప్పుడు పొద్కల్యోసిన్ పాత్ర ముసోర్గ్‌స్కీయే పాడాడు, కొచ్కర్యోవ్ కంపోజర్లలో పెద్దాయన దార్గొమీజ్‌స్కీ, ఫ్యోక్లా అలెక్సాంద్రా పుర్గోల్డ్, పియానో మీద ఆవిడ చెల్లెలు నదేజ్దా, ఈవిడే తర్వాత ఇంకో కంపోజర్ రిమ్‌స్కీ కోర్సకోవ్ భార్య అయ్యింది. ఈ బుల్లి గుమస్తాల చోటు వచ్చేసరికి దార్గొమీజ్‌స్కీ నవ్వు ఆపుకోలేక పాడలేకపోయేవాడట, మీరేదో పియానో మీద సింఫనీ వాయించేస్తున్నారు నన్ను పాడనివ్వకుండా అని నదేజ్దాని అనేవాడట. అంతలా నవ్విన ఆయనే కుర్రాడు కాస్త దూరం వెళ్లిపోయాడు అని కూడా అన్నాడు. మరో కంపోజర్ బరోదిన్‌కి అయితే అసలు నచ్చలేదు, కొత్తగా ఉంది కానీ మొత్తం మీద గురి తప్పింది అని భార్యకి రాశాడు. అదే శరత్తులో ముసోర్గ్‌స్కీ దీన్ని పక్కన పెట్టి ‘బొరీస్ గొదునోవ్’ అనే ఒపెరా మొదలుపెట్టాడు. మాటని పాట చేయడం ఇక్కడ నేర్చుకుని అక్కడ వాడుకున్నాడు, ‘బొరీస్’ విన్నవాళ్లకి సత్రం సీన్లో అది స్పష్టంగా తెలుస్తుంది.

సరే ఇక రికార్డింగులు. రోజ్‌దెస్త్‌వెన్‌స్కీది ఎందుకు ముందు పెట్టానంటే మొదటిది గాయకులు. పొద్కల్యోసిన్‌గా వ్లదీమిర్ ఖ్రుల్యోవ్, కొచ్కర్యోవ్‌గా అలెక్సాందర్ పొద్బొలోతవ్, ఫ్యోక్లాగా లుద్మీలా కొల్మకోవా, స్తెపాన్‌గా వ్లదీమిర్ రిబసెంకో, అందరికీ రష్యన్ మాతృభాష, అందరూ పాడేవాళ్లలాగా కాక మాట్లాడేవాళ్లలాగా ఉంటారు. ఈ ఒపెరాకి అది ప్రాణం, ఎంత గొప్ప గొంతయినా భాష నోట్లో నానకపోతే గోగోల్ వాక్యం చచ్చిపోతుంది. రెండోది ఆర్కెస్ట్రా. ముసోర్గ్‌స్కీ పియానోకే రాశాడు కాబట్టి ఏ ఆర్కెస్ట్రా విన్నా అది ఇంకొకరి చేతి పనే, రోజ్‌దెస్త్‌వెన్‌స్కీ దాన్ని గాయకుల మాట వినపడేలా కట్టాడు, ముఖ్యంగా ఇద్దరు మాట్లాడుకునే మధ్యలో చిన్న చిన్న పలకరింపుల్లా వాయిద్యాలు వచ్చి పోతుంటాయి. కొన్నిచోట్ల రంగు కాస్త ఎక్కువ పూశాడని నాకు అనిపిస్తుంది, పియానోలో పొడిగా ఉండి నవ్వొచ్చే చోటు ఆర్కెస్ట్రాలో ‘ఇదిగో ఇక్కడ నవ్వండి’ అన్నట్టు అయ్యింది ఒకటి రెండుసార్లు, అయినా మొత్తం మీద దీన్ని మించింది నాకు దొరకలేదు.

దీనికంటే పాతది రెనే లైబోవిట్జ్ అనే కండక్టర్ పారిస్ రేడియో ఆర్కెస్ట్రాతో చేసింది, ఎల్పీ రికార్డులు కొత్తగా వస్తున్న రోజుల్లోది. మోనో, సౌండ్ ముసలిది, హెడ్‌ఫోన్లో వింటే ఆర్కెస్ట్రా ఒక పెట్టెలోంచి వచ్చినట్టుంటుంది. నికోలస్ ఆగ్రోఫ్ పొద్కల్యోసిన్. చరిత్ర కావాలనుకునేవాళ్లు, ఒకటికి రెండు పెట్టుకుని పోల్చుకోవాలనుకునేవాళ్లు తప్పకుండా వినొచ్చు, కానీ మొదటి పరిచయానికి ఇది వద్దు, భాష రానివాళ్లకి మాట స్పష్టంగా వినపడకపోతే పట్టుకోడానికి ఇంకేమీ ఉండదు ఈ ఒపెరాలో.

పియానోతో పాడింది దొరికితే మాత్రం వదలకండి. కాన్సర్ట్ వీడియోలు, కాలేజీ విద్యార్థుల ప్రదర్శనలు నెట్‌లో కనపడుతుంటాయి, గొంతులు అంత గొప్పగా ఉండకపోవచ్చు, అయినా ముసోర్గ్‌స్కీ రాసింది అచ్చంగా అదే. మొదటి సీను పీటర్స్‌బర్గ్‌లో రాసి మిగతాది తూలా ప్రాంతంలో షిలొవో అనే పల్లెకి వెళ్లి రాశాడు, అక్కడ వానలు, పల్లెటూరి ఇల్లు, దగ్గర పియానో కూడా లేదు, మనసులో విని కాగితం మీద పెట్టాడు. అలా రాసిందని తెలిసి వింటే ఆ పియానో భాగంలో ఎంత తక్కువ పెట్టాడో, ఆ తక్కువతోనే ఎంత చెప్పించాడో తెలుస్తుంది. నేను రోజ్‌దెస్త్‌వెన్‌స్కీది రెండుమూడుసార్లు విన్నాక పియానోది విన్నాను, అప్పుడు నాకు పియానోదే ఎక్కువ నచ్చింది. మొదటిసారే పియానోది పెట్టుకుంటే ఇంత నచ్చేది కాదేమో, నలుగురు మనుషుల్ని గొంతుతోనే వేరుచేసి గుర్తుపట్టడం మొదట్లో కష్టం, ఆర్కెస్ట్రా రంగులు ఆ పని తేలిక చేస్తాయి.

ఇప్పుడు పూర్తి చేసినవాటి సంగతి. ఇవి ముఖ్యంగా రెండు. ఇప్పొలితోవ్ ఇవానోవ్ మిగతా అంకాలు రాసి ఆర్కెస్ట్రా కట్టాడు, 1931లో మాస్కో రేడియోలో వచ్చింది. అలెక్సాందర్ చెరెప్నిన్ 1930లలో కథ కుదించి ఒకే రెండో అంకంగా పూర్తి చేశాడు, అది 1937లో జర్మనీలో ఎస్సెన్‌లో ఆడారు. కథ చివరిదాకా వినాలని ఎవరికైనా ఉంటుంది, నాకూ ఉండింది, అందుకే నేను మొదట పూర్తి చేసిన వెర్షనే పెట్టుకున్నా, అదే నా పొరపాటు. ఇప్పొలితోవ్ ఇవానోవ్ మంచి కంపోజరే, కానీ ఆయన చెయ్యి మెత్తన, పాట వైపు ఒరుగుతుంది. ముసోర్గ్‌స్కీ పాట వద్దు మాటే కావాలని పట్టుబట్టి రాసిన అంకం పక్కన అది పెడితే అతుకు తెలిసిపోతుంది, కొత్త చీరకి పాత అంచు కుట్టినట్టు కాదు గానీ ఒకే ఇంట్లో ముందు గది ఒక మేస్త్రి, వెనక గదులు ఇంకో మేస్త్రి కట్టినట్టు ఉంటుంది. తెలియకుండా వింటే మొదటి అంకం కూడా అలాంటిదే అనుకుని మొత్తం ఒకే రకం అనిపించి వదిలేస్తాం. చెరెప్నిన్‌ది నా లెక్కలో ఇంకాస్త మెరుగు, ఆయన తన కాలపు సంగీతంలో తన గొంతుతోనే రాశాడు, ముసోర్గ్‌స్కీలా నటించలేదు, పైగా పొడవు తగ్గించాడు. కానీ రెండూ రెండో విడత వినాల్సినవే.

పెళ్లికూతురు అగాఫ్యా తిఖొనొవ్నాని చూడాలని మరీ ఆశగా ఉంటే, ఒకరి మూతి తీసి ఇంకొకరి ముక్కు కింద పెడితే బాగుండును అని ఆ పిల్ల పెళ్లికొడుకుల్ని బేరం వేసుకునే చోటు, చివర్లో పొద్కల్యోసిన్ పెళ్లి ముహూర్తానికి కిటికీలోంచి దూకి పారిపోయే చోటు సంగీతంలో కావాలంటే, అతుకులు లేని దారి ఇంకోటి ఉంది. చెక్ కంపోజర్ మార్టినూ ఇదే నాటకాన్ని మొత్తం తన సొంతంగా 1952లో రెండంకాల ఒపెరా చేశాడు, అమెరికాలో ఎన్‌బీసీ టీవీ కోసం, 1953లో ప్రసారం అయ్యింది, ఇంగ్లిషులోనే ఉంటుంది కాబట్టి మనకి మాట అందుతుంది. హాయిగా నడిచే సంగీతం, ఇంటిల్లిపాదీ కూర్చుని వినొచ్చు. ఇదే పేరుతో గ్రెచనినోవ్ కూడా ఒకటి రాశాడు, అందుకే వెతికేటప్పుడు కంపోజర్ పేరు తప్పకుండా చూసుకోండి, ‘పెళ్లి’ అని వెతికితే మోట్సార్ట్ ‘ఫిగరో’ ముందు వచ్చి కూర్చుంటుంది, దాన్ని తప్పుపట్టలేం, అది మహా గొప్పది, మనకి కావాల్సింది అది కాదంతే.

కొందరికి ఇదంతా విన్నాక, అసలు పాటలు లేని ఒపెరా నాకెందుకు అనిపించొచ్చు, అది న్యాయమైన మాటే. అలాంటివాళ్లకి ముసోర్గ్‌స్కీదే ఇంకో సగంలో ఆగిన కామెడీ ఉంది, ‘సొరోచిన్‌త్సీ సంత’. ఇదీ గోగోల్ కథే, ఇదీ ప్రేమా పెళ్లీ గొడవే, కాకపోతే పీటర్స్‌బర్గ్ గుమస్తా ఇంట్లో కాదు, ఉక్రెయిన్ పల్లె సంతలో, గోగోల్ పుట్టిన ఊరు కూడా ఆ సొరోచిన్‌త్సీయే. గ్రిత్స్కో అనే కుర్రాడు సంతలో పరాస్యాని చూసి మనసు పడతాడు, తండ్రి చెరెవిక్ ఒక గ్లాసు తాగి సరే అంటాడు, సవతి తల్లి ఖివ్ర్యా ఒప్పుకోదు, ఒక జిప్సీ దయ్యం కథ అడ్డం పెట్టి పెళ్లి జరిపిస్తాడు. ఇందులో పాటలు కావలసినన్ని, గ్రిత్స్కో పాడే దిగులు పాట, దుమ్కా అంటారు, అదొక్కటి చాలు, చివర్లో గొపాక్ డాన్సు మీరు వేరేచోట తప్పకుండా వినే ఉంటారు. ముసోర్గ్‌స్కీ దీన్ని 1874 నుంచి 1881లో పోయేదాకా రాస్తూ ఆపుతూ రాస్తూ ఉన్నాడు, మధ్యలో ఉక్రెయిన్ పల్లె మాట యాస రష్యావాణ్ణి నాకు పట్టుబడదని భయపడి వదిలేశాడు కూడా. మాట విషయంలో అంత పట్టింపు ఉన్న మనిషి, ‘పెళ్లి’ రాసిన మనిషి కదా, ఆ భయం అర్థమవుతుంది.

‘సంత’కీ పూర్తి చేసినవాళ్లు చాలామందే, కూయీది 1917, నికొలాయ్ చెరెప్నిన్‌ది 1923లో మోంటే కార్లోలో ఆడారు, ఈయన పైన చెప్పిన అలెక్సాందర్ చెరెప్నిన్ తండ్రి, తండ్రీ కొడుకులిద్దరూ ముసోర్గ్‌స్కీ సగాలు పూర్తి చేశారు. తర్వాత 1930 ప్రాంతంలో షెబాలిన్ చేశాడు. ఇక్కడ నా సలహా ‘పెళ్లి’కి పూర్తిగా ఎదురు, ఇది పూర్తి చేసిందే వినండి, షెబాలిన్‌ది వినండి. ఎందుకంటే ముసోర్గ్‌స్కీ దీన్ని చివరిదాకా ప్లాన్ వేసుకున్నాడు, చాలా భాగాలు అక్కడక్కడా రాసిపెట్టాడు, కాబట్టి కలిపి కుట్టేవాడికి గుడ్డ ఉంది. ‘పెళ్లి’కి అలా లేదు, ఒక్క అంకం తర్వాత ఖాళీ. షెబాలిన్ రాతప్రతులు దగ్గర పెట్టుకుని ఓపిగ్గా చేశాడు, తన పెత్తనం తక్కువ. రికార్డింగుల్లో యూరీ అరనోవిచ్ 1969లో చేసిందీ, వ్లదీమిర్ యెసిపోవ్ 1983లో మాస్కో స్తనిస్లావ్‌స్కీ నెమిరోవిచ్ దాన్చెంకో థియేటర్ వాళ్లతో చేసిందీ రెండూ ఇదే వెర్షన్. నేను యెసిపోవ్‌ది ముందు చెప్తా, రోజూ స్టేజీ మీద కలిసి ఆడే మనుషులు కాబట్టి సంతలో గోల సంతలో గోలలాగే ఉంటుంది, చెరెవిక్‌గా వ్లదీమిర్ మతోరిన్ గొంతు తాగిన తండ్రి గొంతే. ఖివ్ర్యా దొంగచాటుగా పూజారి కొడుకు కోసం పిండివంటలు చేసిపెట్టుకుని ఎదురుచూసే సీను ఒక్కదానికోసం కూడా కొనొచ్చు, ఆవిడ ఒకసారి వయ్యారంగా, ఒకసారి విసుగ్గా, ఒకసారి మొగుణ్ణి తిట్టుకుంటూ పాడుతుంది, ఇక్కడే ‘పెళ్లి’లో నేర్చుకున్న విద్య మళ్లీ కనపడుతుంది, ఈసారి పాటలో కలిపి.

కాబట్టి చేతిలో ఒక గంట లోపే ఉండి, మాట మీద ఇష్టం, నాటకాలు చదివే అలవాటు ఉంటే ‘పెళ్లి’. ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా ఉండి దాదాపు రెండు గంటలు పాటలు, డాన్సులు కావాలంటే ‘సంత’. పిల్లలు పక్కన ఉంటే కూడా ‘సంత’ మేలు. ‘పెళ్లి’ బాగా పట్టుబడితే తర్వాత సోవియట్ కంపోజర్ షొస్టకోవిచ్ ‘జూదగాళ్లు’ వినండి, అదీ గోగోల్ నాటకమే, మాట మార్చకుండా రాయాలని 1941లో మొదలుపెట్టి, ఇలా అయితే నాలుగు గంటలు అవుతుందని గ్రహించి 1942లో ఆపేశాడు, అదీ సగమే, దాన్ని 1978లో లెనిన్‌గ్రాద్‌లో మొదట వినిపించింది కూడా మన రోజ్‌దెస్త్‌వెన్‌స్కీయే.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. నేను ఆన్‌లైన్‌లో సెకండ్‌హ్యాండ్ సీడీ ఒకటి తెప్పించుకున్నా, అమ్మినాయన బుక్‌లెట్ ఉందని రాశాడు, తీరా చూస్తే కవర్ కాగితం ఒక్కటే వచ్చింది, లోపల మాటలు లేవు. మాటలు లేకుండా ఈ ఒపెరా వినడం అంటే తెరవెనక నాటకం విన్నట్టే. అయితే దీనికి ఒక తేలిక ఉపాయం ఉంది, పాడేది గోగోల్ వాక్యాలే కాబట్టి ఆ నాటకం ఇంగ్లిషు అనువాదం ఏది దొరికినా సరిపోతుంది, మొదటి అంకం తెరిచి పెట్టుకుంటే చాలు, అక్కడక్కడా ఒకటి రెండు వాక్యాలు ఎగిరిపోతాయి, మళ్లీ దొరికిపోతాయి. స్కోరు చదవడం వచ్చినవాళ్లకి 1908లో రిమ్‌స్కీ కోర్సకోవ్ సరిచేసి అచ్చువేయించిన పియానో స్కోరు కాపీరైట్ దాటిపోయింది, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. స్ట్రీమింగ్‌లో అయితే కంపోజర్ పేరూ, కండక్టర్ పేరూ రెండూ కలిపి వెతకండి, ఒపెరా పేరుతో ఒక్కటీ సరిగ్గా రాదు.

వినేటప్పుడు చదువుతూ వినండి, కొచ్కర్యోవ్ ఆయన్ని లేవదీసి బట్టలు వేయించి బయటికి లాగే దగ్గర సంగీతం అయిపోతుంది, పుస్తకంలో మాత్రం అంకం ఇంకా ఉంటుంది. అక్కడ పుస్తకం మూసేయకండి. చప్పుడు లేకుండా మిగతాది చదువుకుంటూ పోండి, అగాఫ్యా వస్తుంది, ఇంకో ముగ్గురు పెళ్లికొడుకులు వస్తారు, చివరికి గదిలో ఒక్కడే మిగిలి కిటికీ వైపు చూస్తూ, దూకితే ఏమవుతుంది, మరీ ఎత్తేం కాదులే అని పొద్కల్యోసిన్ తనలో తను మాట్లాడుకునే చోటు వస్తుంది. నేను చదివినప్పుడు ఆ మాటలు ఖ్రుల్యోవ్ గొంతులోనే, ఆ సోఫా మీద నసుగుడు లాగానే వినపడ్డాయి నాకు, ఎవరూ రాయని సంగీతంలో.